వేణు బప్పు: దుర్భిణి కట్టిన హైదరాబాదీ

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు కదా, నేను ఒక మనిషి గురించి రాస్తానన్నాను. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ మనిషి మెదక్‌కు ఎప్పుడైనా వచ్చాడో లేదో నాకు తెలియదు. మన బడిలో చదవలేదు. కానీ మనకు వంద కిలోమీటర్ల లోపు దూరంలో, బేగంపేటలో పెరిగాడు. పేరు మనాలి కల్లాట్ వేణు బప్పు. పుట్టింది 1927 ఆగస్టు 10న మద్రాసులో, పోయింది 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో. ఈ రెండు తేదీల మధ్య ఆయన చేసిన పనుల్లో ఒకదాని గురించి చెప్పడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను. ఎందుకంటే ముప్పై ఏళ్ళుగా నా బతుకంతా టన్నుల బరువున్న ఇనుమును మైక్రాన్ల లెక్కన తిప్పడంలోనే గడిచింది. ఆయన కూడా సరిగ్గా అదే చేయించాడు. తేడా ఏమిటంటే, నేను తిప్పించినవి కరెంటు కోసం, ఆయన తిప్పించింది నక్షత్రాల కోసం.

బప్పు కుటుంబం మలయాళీలు. తండ్రి ఉద్యోగం నిజామియా వేధశాలలో. ఈ వేధశాల కథ మన వాళ్ళలో చాలామందికి తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. హైదరాబాద్ నవాబుల్లో జఫర్ జంగ్ అని ఒకాయన ఉండేవారు. మిగతా నవాబులు ముత్యాలు, గుర్రాలు కొంటుంటే ఆయన ఇంగ్లాండ్ వెళ్ళినప్పుడు 15 అంగుళాల దుర్భిణి కొన్నారు. 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో దాన్ని పెట్టించి, నిజాం అనుమతితో వేధశాల అని పేరు పెట్టారు. 1907లో ఆయన పోయాక దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది, పనిముట్లు బేగంపేటకు చేరాయి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని ప్రపంచ దేశాలు అప్పట్లో పనిని పంచుకున్నాయి. అందులో హైదరాబాద్ వాటా కూడా ఉంది. లక్షల నక్షత్రాల స్థానాలను ఇక్కడి గుమస్తాలు గాజు పలకల మీద కొలిచి, చేత్తో రాసి, సంపుటాలుగా అచ్చు వేయించారు. కంప్యూటర్లు లేని కాలం. నవాబుల ఊరిలో ఇంత ఓపికగల పని జరిగిందంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఆ వాతావరణంలో బప్పు పెరిగాడు. ఇతర పిల్లలకు గోళీలు, గాలిపటాలు ఎలాగో ఆయనకు దుర్భిణి అలా. నిజాం కాలేజీలో చదువుకునే రోజుల్లోనే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను రాత్రుళ్ళు గమనించి వ్యాసాలు రాశాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాడు. తర్వాత హైదరాబాద్ ప్రభుత్వం విద్యార్థివేతనం ఇచ్చి అమెరికాలోని హార్వర్డ్‌కు పంపింది. 1949 మొదట్లో వెళ్ళాడు. వెళ్ళిన కొద్ది నెలలకే, జూలైలో, తాను తీసిన ఒక ఫోటో పలక మీద ఉండకూడని మసక మచ్చ కనబడింది. అది ఒక కొత్త తోకచుక్క. తన గురువు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్‌లతో కలిపి దానికి బప్పు–బాక్–న్యూకర్క్ అనే పేరు వచ్చింది. ఈ తోకచుక్కకు ఆయనకు డోనహూ పతకం కూడా ఇచ్చారు. మన రాష్ట్రపు సొమ్ముతో వెళ్ళిన కుర్రవాడు వెళ్ళిన ఏడాదే ఆకాశంలో తన పేరు రాయించుకున్నాడు.

1952లో డాక్టరేట్ అయ్యాక కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలకు వెళ్ళాడు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద దుర్భిణి పాలోమార్ కొండ మీదే ఉంది, 200 అంగుళాలది. అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన చేసిన పనిని ఇప్పటికీ ఖగోళశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో విల్సన్–బప్పు ప్రభావం అనే పేరుతో చెబుతారు. ఇది అర్థం కావడానికి ఒక పోలిక. గుడి గంట కనబడకపోయినా దాని మోత విని అది పెద్ద గంటా చిన్న గంటా మనం చెప్పగలం. సూర్యుడి కంటే కొంచెం చల్లటి నక్షత్రాల వెలుగును పట్టకంలో విడదీస్తే అందులో కాల్షియం వల్ల ఏర్పడే ఒక నల్లటి గీత ఉంటుంది. ఆ గీత నడుమ సన్నటి వెలుగు చార ఒకటి ఉంటుంది. ఆ చార ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువ. అసలు కాంతి తెలిసి, కంటికి కనబడే కాంతి తెలిస్తే, దూరం లెక్క తేలుతుంది. వందకు పైగా నక్షత్రాల మీద చూసి 1957లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. ఆ వ్యాసం ఒక్కటి చాలు, ఏ అమెరికా విశ్వవిద్యాలయమైనా జీవితాంతం కుర్చీ వేసి కూర్చోబెట్టేది.

అయితే ఆ వ్యాసం అచ్చయ్యేసరికే ఆయన ఇక్కడ ఉన్నాడు. 1953లోనే తిరిగొచ్చేశాడు. వచ్చాక ఏముంది ఇక్కడ? ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1954లో బెనారస్‌లో ఒక వేధశాల మొదలుపెట్టింది. దాని బాధ్యత ముప్పై ఏళ్ళు కూడా నిండని బప్పు మీద పడింది. మైదానంలో దుమ్ము, మసక. కాబట్టి కొండ ఎక్కాలని నైనిటాల్‌ను ఎంచాడు, 1955లో అక్కడికి మార్పించాడు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టర్‌గా వచ్చాడు. అది 1899లో మొదలైన పాత సంస్థ, సూర్యుడి పరిశీలనకు ప్రపంచ ప్రసిద్ధి. కానీ రాత్రి ఆకాశానికి కొడైకెనాల్ మేఘాలు అడ్డం. నక్షత్రాలు చూడాలంటే వేరే చోటు కావాలి.

ఆ చోటు వెతకడానికి ఆయన పెట్టుకున్న షరతులు చూస్తే ఇంజనీరుగా నాకు ముచ్చటేస్తుంది. మొదటిది, వీలైనంత దక్షిణాన ఉండాలి. భూమధ్యరేఖకు దగ్గరైతే ఉత్తర, దక్షిణ ఆకాశాలు రెండూ దాదాపు పూర్తిగా కనిపిస్తాయి. రెండోది, ఊళ్ళ వెలుగు తగలకూడదు. మూడోది, గాలి నిలకడగా ఉండాలి, ఎందుకంటే గాలి పొరలు కదిలితే నక్షత్రం బొమ్మ ఉడికే నీళ్ళలో చంద్రుడిలా ఊగుతుంది. నాలుగోది, జీపు వెళ్ళాలి. తమిళనాడు ఉత్తర భాగంలో, మన చిత్తూరు సరిహద్దుకు దగ్గరగా, జవాది కొండల్లో చందనం అడవుల మధ్య కావలూరు అనే పల్లె దొరికింది. ఎత్తు 725 మీటర్లు. హిమాలయాలతో పోలిస్తే ఇదేం ఎత్తు అనిపిస్తుంది. కానీ అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలు. ఆస్ట్రేలియాకూ దక్షిణాఫ్రికాకూ నడుమ, ఆ రేఖాంశాల్లో రాత్రి ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండే పెద్ద కన్ను అప్పటికి లేదు. 1968లో అక్కడ మొదటి దుర్భిణి పెట్టారు. 38 సెంటీమీటర్లది, కొడైకెనాల్ వర్క్‌షాపులోనే తయారైంది. లెక్క వేస్తే 38 సెంటీమీటర్లంటే 15 అంగుళాలు. జఫర్ జంగ్ కొన్న దుర్భిణి కొలతే. ఇది యాదృచ్ఛికమే కావచ్చు, కానీ ఒకటి కొన్నది, ఒకటి చేసుకున్నది.

1972లో తూర్పు జర్మనీలోని జైస్ కంపెనీ నుంచి ఒక మీటరు దుర్భిణి వచ్చింది. వచ్చిన ఏడాదే జూన్ 7న గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, దాని చుట్టూ పలుచటి వాతావరణం ఉండవచ్చనే సూచన కావలూరులో దొరికింది. 1977 మార్చిలో యురేనస్‌కు వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసిన రాత్రి కూడా కావలూరు దుర్భిణి ఆ నక్షత్రం మినుకుమినుకులను నమోదు చేసింది. ఈలోగా 1971లో కొడైకెనాల్, కావలూరు వేధశాలలు కలిపి భారత ఖగోళభౌతిక సంస్థ అనే స్వయంప్రతిపత్తి సంస్థ అయింది. దాని డైరెక్టర్ బప్పే. కేంద్రం తర్వాత బెంగళూరుకు మారింది.

ఇక అసలు కథ. ఒక మీటరుతో తృప్తి పడలేదు ఆయన. రెండు మీటర్లకు పైబడిన దుర్భిణి కావాలి. అది కొనకూడదు, ఇక్కడే కట్టాలి.

ఈ నిర్ణయం మీద నేను చాలా ఆలోచించాను, ఎందుకంటే నా ఉద్యోగంలో ఇదే వాదన పది సార్లు విన్నాను. కొంటే మూడేళ్ళలో వస్తుంది, గ్యారంటీ ఉంటుంది, పని చేయకపోతే తిట్టడానికి ఒకడుంటాడు. చేసుకుంటే పదేళ్ళు పడుతుంది, నడుమలో అధికారులు మారతారు, చివరికి అది పని చేస్తుందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. డబ్బు ఇచ్చేవాడికి మొదటి దారే నచ్చుతుంది. శాస్త్రవేత్తకు కూడా నిజానికి మొదటి దారే మంచిది, ఎందుకంటే అతని వయసు ఆగదు. పాలోమార్‌లో పెద్ద దుర్భిణులు చూసి వచ్చిన మనిషి, యాభై ఏళ్ళు దగ్గరపడుతుండగా, తన కోసం దుర్భిణి కొనుక్కోకుండా, తన తర్వాతివాళ్ళ కోసం దుర్భిణి కట్టే చేతులను తయారు చేయాలని కూర్చున్నాడు. అందులో నష్టం ఉందని ఆయనకు తెలియక కాదు.

అద్దపు దిమ్మ మాత్రం ఇక్కడ పోసే వీలు లేదు. అది పశ్చిమ జర్మనీ నుంచి తెప్పించారు. మిగతాదంతా ఇక్కడే. డిజైన్ టాటా కన్సల్టింగ్ ఇంజనీర్స్ వాళ్ళతో కలిసి. భారీ ఉక్కు నిర్మాణం మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్ ఇండస్ట్రీస్‌లో. చక్కెర మిల్లుల యంత్రాలు చేయడంలో పేరున్న ఫ్యాక్టరీ అది. అద్దం అరగదీసే పని బెంగళూరులోని సంస్థ సొంత వర్క్‌షాపులో, ఎ.పి. జయరాజన్ నాయకత్వంలో.

అద్దం అరగదీయడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. మన సైన్స్ సార్లకు ఇది పాఠంలోకి పనికొస్తుంది.

అద్దం వ్యాసం 2.34 మీటర్లు. నాభ్యంతరం వ్యాసానికి మూడుంపావు రెట్లు, అంటే దాదాపు 7.6 మీటర్లు. గాజు దిమ్మ మీద మొదట కరుకు పొడితో, తర్వాత మెత్తటి పొడితో రుద్దుతూ నడుమ గుంట చేస్తారు. లెక్క కడితే ఆ గుంట లోతు నాలుగున్నర సెంటీమీటర్లు, మన అరచేతిలో పట్టేంత. ఇక్కడి వరకు ఒక మంచి ఫిట్టర్‌కు అర్థమయ్యే పనే. సమస్య ఆ తర్వాత మొదలవుతుంది. గోళాకారపు గుంట ఒక నక్షత్రం కిరణాలన్నింటినీ ఒకే బిందువు దగ్గరకు తేలేదు. పరావలయం కావాలి. ఈ సైజు అద్దానికి గోళానికీ పరావలయానికీ తేడా అంచు దగ్గర ఎంతో నేను కాగితం మీద వేసి చూశాను. 67 మైక్రాన్లు వచ్చింది. ఒక వెంట్రుక మందం. అంటే ఆ పనితనమంతా ఒక వెంట్రుక మందంలో ఉంది.

ఆ వెంట్రుకలో కూడా తప్పు ఎంతవరకు ఉండొచ్చు? కాంతి తరంగం పొడవు సుమారు అర మైక్రాను. అందులో పదో వంతుకు మించి ఎగుడు దిగుడు ఉంటే బొమ్మ చెడుతుంది. మనకు అర్థమయ్యే పోలిక కావాలంటే, ఆ అద్దాన్ని వెయ్యి రెట్లు పెంచండి. రెండు కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు అవుతుంది, ఖిల్లా నుంచి చర్చి దాకా మన మెదక్ ఊరంతా దాని మీద పడుతుంది. అంత మైదానంలో ఎక్కడా ఒక కాగితం మందంలో సగం కంటే ఎక్కువ మిట్ట గానీ పల్లం గానీ ఉండకూడదు. నేను పనిచేసిన షాపుల్లో పది మైక్రాన్లు పట్టుకుంటే మిఠాయిలు పంచుకునేవాళ్ళం.

దాన్ని పరీక్షించే పద్ధతి మాత్రం ఆశ్చర్యం కలిగించేంత సాదా. ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1858 ప్రాంతంలో కనిపెట్టాడు. అద్దానికి ఎదురుగా, దాని వక్రతా కేంద్రం దగ్గర, ఇక్కడైతే పదిహేను మీటర్ల దూరంలో, సూదిమొనంత దీపం పెడతారు. వెలుగు అద్దం మీద పడి తిరిగొచ్చి ఒక బిందువు దగ్గర కలుస్తుంది. ఆ బిందువు దగ్గర ఒక బ్లేడు అంచును నెమ్మదిగా అడ్డం తెస్తూ వెనక నుంచి అద్దాన్ని చూస్తారు. అద్దం మీద మిట్ట పల్లాలు సాయంత్రపు ఎండలో ఇసుక తిన్నెల్లా నీడలతో లేచి కనబడతాయి. కంటికి, వేలికి, మైక్రోమీటరుకు దొరకనిది ఒక బ్లేడుకు దొరుకుతుంది. పరావలయం అయితే ఎక్కడ ఎంత నీడ రావాలో ముందే లెక్క వేసుకుని ఉంచుతారు. నీడ ఆ లెక్కకు తేడాగా ఉంటే, మళ్ళీ రుద్దాలి. ఎక్కడ ఎక్కువుందో అక్కడ మాత్రమే, కొన్ని నిమిషాలు మాత్రమే. రుద్దితే గాజు వేడెక్కుతుంది, వేడెక్కితే ఆకారం మారుతుంది. కాబట్టి చల్లారే దాకా కొలవడానికి వీల్లేదు. కొలిచే గదిలో గాలి కదిలినా నీడ ఊగుతుంది. కొన్ని నిమిషాల పని, గంటల నిరీక్షణ. ఒక్కసారి ఎక్కువ తీసేస్తే మళ్ళీ అతికించలేం. అప్పుడు అద్దం మొత్తాన్ని ఆ కొత్త పల్లానికి సరిపడా దించుకుంటూ రావాలి. నెలలు పోతాయి. ఏళ్ళ తరబడి ఇలా చేసిన ఆ వర్క్‌షాపు మనుషుల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. నాకు వాళ్ళను తలుచుకుంటే ఈర్ష్య.

చివరికి అద్దం మీద అల్యూమినియం పూత వేయాలి. గాలి తీసేసిన పెద్ద గదిలో లోహాన్ని ఆవిరి చేసి పూస్తారు. పూత మందం మైక్రానులో పదో వంతు. అద్దం వైశాల్యంతో గుణిస్తే వాడే అల్యూమినియం ఒక గ్రాము కంటే కాస్త ఎక్కువ. వెలుగును వెనక్కి పంపేది ఆ గ్రామే. మిగతా గాజు, ఉక్కు, కాంక్రీటు అంతా ఆ గ్రామును సరైన ఆకారంలో, సరైన దిక్కుకు పట్టుకోవడానికి.

పట్టుకోవడం కూడా చిన్న పనేం కాదు. భూమి తిరుగుతుంది కాబట్టి దుర్భిణి దానికి ఎదురు తిరగాలి, 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు. మా టర్బైన్ రోటర్లు నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతాయి. బయటివాళ్ళు అదే కష్టమనుకుంటారు. కాదు. రోజుకు ఒక్క చుట్టును కుదుపు లేకుండా తిప్పడం ఎక్కువ కష్టం, ఎందుకంటే నెమ్మదిగా కదిలే ఇనుము పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. పాలోమార్‌లో తిరిగే భాగం గుర్రపు నాడా ఆకారంలో ఉండి నూనె పొర మీద తేలుతుంది. కావలూరుకూ గుర్రపు నాడా పద్ధతినే ఎంచుకున్నారు. తిరిగే ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. పన్నెండున్నర డిగ్రీల అక్షాంశంలో ధ్రువ నక్షత్రం దాదాపు నేలను ఆనుకుని ఉంటుంది, కాబట్టి ఇరుసు దాదాపు పడుకున్నట్టే ఉంటుంది. పడుకున్న ఇరుసును రెండు చివరలా ఆన్చవచ్చు, ఉత్తరపు చివర నాడా నోరు తెరిచి ఉంటుంది కాబట్టి ఉత్తర ధ్రువం వైపూ చూడవచ్చు. చోటును బట్టి యంత్రం ఆకారం. ఇది కాపీ కొట్టి చేసేవాడికి తట్టే విషయం కాదు.

ఈ పనులన్నీ సాగుతున్న రోజుల్లోనే, 1980 ఫిబ్రవరి 16న, మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నేను నాలుగో తరగతి. మెదక్‌లో మధ్యాహ్నం నుంచే తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చున్నాం. గర్భిణులను కదలనివ్వలేదు, నీళ్ళ కుండల్లో గరిక వేశారు, బజారు మొత్తం కర్ఫ్యూలా అయింది. మనకు సంపూర్ణం కాదు గానీ చాలావరకు మూసుకుంది. అదే గంటలో హైదరాబాద్‌కు దక్షిణాన, జపాల్–రంగాపూర్‌లోని ఉస్మానియా వేధశాల దగ్గర, సంపూర్ణ గ్రహణం పట్టే దారిలో, దేశవిదేశాల శాస్త్రవేత్తలు తలలు పైకెత్తి నిలబడ్డారు. అప్పటికి ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తల సమాఖ్యకు అధ్యక్షుడు ఎవరు? బేగంపేట కుర్రవాడే. 1979లో ఎన్నికయ్యాడు. ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు. ఆ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే కనీసం ఒక కిటికీ అయినా తెరిచేవాళ్ళమేమో.

రంగాపూర్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. అక్కడి 48 అంగుళాల దుర్భిణి అమెరికా నుంచి కొన్నది, 1968 నుంచి పనిచేసింది. మంచి పరిశోధనలు జరిగాయి, మంచి శిష్యులు తయారయ్యారు. తర్వాత హైదరాబాద్ వెలుగులు పెరిగి ఆకాశం పాడైంది, పరిశీలన కుంటుపడింది. కొన్న యంత్రం తప్పని నేను అనను. జఫర్ జంగ్ కొనకపోతే బప్పే లేడు. కానీ కొన్న యంత్రంతో యంత్రం మాత్రమే వస్తుంది. దాన్ని విప్పి, అందులో ఏది ఎందుకుందో తెలిసినవాడు పక్కనుండడు. కావలూరులో ఉన్నారు.

పని నడుమలోనే ఆయన గుండె ఇబ్బంది పెట్టింది. 1981లో పద్మభూషణ్ వచ్చింది. 1982 ఆగస్టులో గ్రీసులోని పాత్రాస్‌లో సమాఖ్య మహాసభ, అధ్యక్షుడిగా ఆయనే కూర్చోవాలి. మ్యూనిక్‌లో గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగింది. అక్కడ సభ నడుస్తుండగానే ఇక్కడ ఆయన కోలుకోలేదు. యాభై ఐదు నిండి తొమ్మిది రోజులు.

నేను ఈ వ్యాసం రాస్తున్న వయసు కూడా అదే. అందుకే కాబోలు ఈ భాగం దగ్గర కలం కొంచెం ఆగింది. ఆయన చనిపోయేనాటికి తన దుర్భిణిలోంచి ఒక్క నక్షత్రాన్ని చూడలేదు. పాలోమార్ దుర్భిణికి ప్రాణం పోసిన జార్జ్ హేల్‌కూ ఇదే జరిగింది. ఆయన 1938లో పోతే, దుర్భిణి ప్రారంభం 1948లో. కానీ హేల్‌కు వెనక రాక్‌ఫెల్లర్ సొమ్ము, అమెరికా పరిశ్రమ మొత్తం ఉన్నాయి. బప్పు వెనక ఉన్నవి ఒక చక్కెర యంత్రాల ఫ్యాక్టరీ, ఒక గాజు అరగదీసే గది, ఆయన వేరే వేరే ఊళ్ళ నుంచి ఏరి తెచ్చుకున్న మనుషులు. నాయకుడు పోతే ప్రాజెక్టు మూలపడడం మనం ఎన్నిసార్లు చూడలేదు! మన దగ్గర సగం కట్టి వదిలేసిన వంతెనలకు, ఆఫీసు భవనాలకు కొదవ లేదు. ఇక్కడ అలా జరగలేదు. అద్దం పూర్తయింది, ఉక్కు కొండ ఎక్కింది, 1985 నవంబరులో దుర్భిణిలో మొదటి వెలుగు పడింది. 1986 జనవరి 6న ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి దానికి వేణు బప్పు దుర్భిణి అని పేరు పెట్టారు. నేను అప్పుడు పదో తరగతి, పబ్లిక్ పరీక్షల ముందు. మన బడిలో ఎవరూ దీని గురించి మాట్లాడుకున్న గుర్తు లేదు. ఆ సంవత్సరం మనందరం హేలీ తోకచుక్క కోసం తెల్లవారుజామున మిద్దెలెక్కాం.

నాకు దుర్భిణి కట్టినదానికంటే ఈ మూడేళ్ళే పెద్దగా కనబడతాయి. మనిషి లేకపోయినా పని ఆగకపోవడం. అది ఉపన్యాసాలతో రాదు. ఎవరి చేతికి ఏ పని తెలుసో ముందే చూసి, ఆ చేతికి ఆ పని అప్పగించి, పక్కకు తప్పుకుంటే వస్తుంది. మన చర్చి కూడా 1914లో మొదలై, కరువు రోజుల్లో జనానికి కూలీ ఇస్తూ, పదేళ్ళు కట్టి 1924లో పూర్తయింది. దాన్ని చూస్తూ పెరిగినవాళ్ళకు ఇది వింతగా అనిపించకూడదు.

నిజం చెప్పాలంటే కావలూరు ఆకాశం ప్రపంచంలో అత్యుత్తమం కాదు. వానలు రెండు కాలాలు కొడతాయి, గాలిలో తేమ ఎక్కువ. ఒక శాస్త్రవేత్త అవసరం కోణం నుంచి చూస్తే, ఆ డబ్బుతో ఎత్తైన ఎండు కొండ మీద కొన్న దుర్భిణి పెట్టి ఉంటే ఇంకా ఎక్కువ రాత్రులు దక్కేవనే వాదనలో బలం ఉంది. తర్వాతివాళ్ళు అలాగే చేశారు. లద్దాఖ్‌లోని హాన్లేలో రెండు మీటర్ల దుర్భిణి 2000లో వచ్చింది. నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్లది 2016లో ప్రారంభమైంది, అప్పటికి మన దేశంలో అదే పెద్దది. దాన్ని నడిపేది బప్పు బెనారస్ నుంచి కొండ ఎక్కించిన ఆ సంస్థే. ఆ దుర్భిణిని బెల్జియం కంపెనీ తయారు చేసింది. కానీ ఏం కావాలో, వచ్చినదాన్ని ఎలా పరీక్షించాలో చెప్పగలిగినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. నా లెక్కలో ఆయన చేసిన ఖర్చు అక్కడ వసూలయింది. ఈ మాటతో ఏకీభవించని మిత్రులు రజతోత్సవమో వజ్రోత్సవమో వచ్చినప్పుడు జవాబు రాయవచ్చు.

ఆయన హైదరాబాదీతనం గురించి ఒక్క మాట. ఉర్దూ కవిత్వం ఇష్టం, ముఖ్యంగా గాలిబ్. బొమ్మలు వేసేవాడు. మన ఊళ్ళో ఆయన పేరుతో వీధి లేదు, బడి లేదు. ఆకాశంలో మాత్రం 2596 నంబరు గ్రహశకలానికి ఆయన పేరుంది.

బెంగళూరు వైపు వెళ్ళేవాళ్ళు వాణియంబాడి దగ్గర దారి మళ్ళి కావలూరు వెళ్ళండి. పిల్లలను తీసుకెళ్ళండి. కంటిపాపతో పోలిస్తే లక్ష రెట్లు వెలుగును పోగుచేసే ఆ అద్దం ఇంకా పనిలోనే ఉంది. గాలికి, తేమకు అల్యూమినియం మసకబారుతుంది. అప్పుడప్పుడు అద్దాన్ని కిందికి దించి, పాత పూత కడిగేసి, కొత్త పూత వేస్తారు. ప్రతిసారీ ఒక గ్రాము.

(1986 పదవ తరగతి బ్యాచ్)